మన భయాన్ని ఇంట్లోవాళ్ళు మోస్తే

భయపడేవాళ్ళకి ధైర్యం చెప్పేవాళ్ళు మన చుట్టూ చాలామందే ఉంటారు. "ఏం కాదు, నువ్వు చేయగలవు" అంటారు. ఆ మాట అన్న మనిషే ఐదు నిమిషాలు కాకముందే "సర్లే, ఇవాళ్టికి నేను దింపుతాలే" అంటాడు. నేను రాయాలనుకున్నది ఈ రెండో మాట గురించి.

మన ఇళ్ళల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళ విషయంలో, భయాలు ఏళ్ళ తరబడి కదలకుండా ఉండిపోవడానికి వెక్కిరించేవాళ్ళూ అడ్డుపడేవాళ్ళే కారణమని అనుకుంటాం. వాళ్ళూ ఉంటారు, లేరని అనను. కానీ అడ్డుపడేవాళ్ళతో కొట్లాడొచ్చు. అలిగి కూర్చోవచ్చు. పంతం పట్టి చేసి చూపించొచ్చు. మన పనిని ప్రేమగా తన నెత్తిన వేసుకునే మనిషితో ఏమని కొట్లాడతాం? మనం భయపడ్డ ప్రతిసారీ ఆ పని ఇంకొకరు చేసిపెడుతుంటే ఆ భయం ఇంట్లో మనిషిలా స్థిరపడిపోతుంది. దీన్ని మా ఇంట్లోనే చూశాను. తర్వాత దీని మీద దొరికింది చదివాను. ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

మాది భువనగిరి. పెళ్ళయ్యాక హైదరాబాద్‌లో రామంతాపూర్ వచ్చాను. బీకాం చదివి, ఒక మందుల హోల్‌సేల్ ఆఫీసులో చాలా ఏళ్ళు అకౌంట్స్ చూశాను. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు ఆఫీసులో ఎవరికీ తెలియని ఆ పని నా టేబుల్ మీదికొచ్చింది. ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ళ మీద కట్టిన పన్నుని తగ్గించుకునే లెక్క) ఎందుకు కలవడం లేదో, ఏ సప్లయర్ బిల్లు ఎక్కించలేదో రాత్రిళ్ళు కూర్చుని వెతుక్కునేదాన్ని. చేస్తూ చేస్తూ పని చేతికొచ్చింది, ఇష్టం కూడా కలిగింది. బీకాం చదివినవాళ్ళు జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా, అంటే వ్యాపారుల తరఫున రిటర్నులు వేసే మనిషిగా, నమోదు చేసుకుని సొంతంగా పని పెట్టుకోవచ్చని తెలిశాక ఇంక మనసు ఉద్యోగంలో నిలవలేదు. నా పేరు మీద, నా క్లయింట్లతో, నా పని. పెద్ద కంపెనీలు అక్కర్లేదు. కిరాణా, హార్డ్‌వేర్, చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్లు. నెలనెలా 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20వ తేదీలోపు 3బీ (కట్టాల్సిన పన్ను లెక్క) ఎవరు వేస్తారా అని దిగులుపడే వ్యాపారులు ఈ ఊళ్ళో ఎంతమంది ఉన్నారో ఆ పని చేసేవాళ్ళకి తెలుసు.

రిటర్నులు వేయడం ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని అయిపోతుంది. క్లయింటు మాత్రం ఇంటికి రాడు. బేగంబజార్ వెళ్ళాలి, రాణిగంజ్ వెళ్ళాలి, చర్లపల్లిలో, జీడిమెట్లలో షెడ్ల మధ్య తిరగాలి. ఇవాళ్టికీ సంచీలో బిల్లులు పోసి "చూడమ్మా" అని చేతికిచ్చే వ్యాపారులు చాలామంది. మెట్రో నన్ను ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ వైపు తీసుకెళ్తుంది గానీ జీడిమెట్లలో షెడ్డు ముందు దింపదు. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు. అది ఎంతమందిని గడప దాటించిందో నేను కళ్ళారా చూస్తున్నాను. కానీ ఒకే పూటలో మూడు చోట్లకి తిరగాలంటే బండి ఉండాల్సిందే.

బండి ఉంది. నా జీతంతో కొనుక్కున్న స్కూటీ. లైసెన్సూ ఉంది. బండి మాత్రం సెల్లార్‌లో దుమ్ము పట్టి ఉండేది. ఒకప్పుడు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఒక లారీ నా హ్యాండిల్‌కి తగిలీ తగలకుండా పోయింది. దెబ్బ తగల్లేదు, బండి పడను కూడా లేదు. అయినా ఆ మర్నాడు స్టాండ్ తీయబోతే చేతులు వణికాయి. మా ఆయన పైనుంచి చూసి కిందికొచ్చి, "వద్దులే, నేను మెట్రో దగ్గర దింపేసి వెళ్తా" అన్నారు. అది ఆ ఒక్కరోజుతో ఆగలేదు. రోజూ దింపడం, సాయంత్రం వచ్చి తీసుకెళ్ళడం మా ఇంటి పద్ధతి అయిపోయింది. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. చుట్టాలందరూ "ఎంత బాగా చూసుకుంటాడో" అనేవారు. నిజమే, బాగా చూసుకున్నారు. ఆ కొన్నేళ్ళలో నేను వద్దనుకున్న అవకాశాల లెక్క మాత్రం ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్ళ ద్వారా వచ్చిన క్లయింట్లని, "అంత దూరం కుదరదండీ" అని నేనే వదిలేశాను. దూరం అసలు కారణం కాదు.

భయం ఇలా బలపడటానికి ఒక పద్ధతి ఉంది. భయపెట్టే పని నుంచి తప్పించుకున్న క్షణంలో "హమ్మయ్య" అనిపిస్తుంది. ఆ హాయి చాలా గట్టిది. మనసు దాన్ని బహుమతిలా తీసుకుంటుంది, తప్పించుకోవడం మంచి పని అని నేర్చుకుంటుంది. ఇంకోసారి ఇంకొంచెం ముందే తప్పించుకోమంటుంది. 1947లో మౌరర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త దీన్ని రెండు మెట్లుగా వివరించాడు. మొదట ఏదో ఒక చేదు అనుభవంతో భయం పుడుతుంది. తర్వాత తప్పించుకున్నప్పుడల్లా దొరికే ఆ హాయి వల్ల అది నిలబడుతుంది. లారీ వెళ్ళిపోయి ఏళ్ళు గడిచాయి. నా భయాన్ని తాజాగా ఉంచింది లారీ కాదు, ప్రతి ఉదయం నాకు దొరికిన ఆ "హమ్మయ్య".

దీనికి ఇంట్లోవాళ్ళని కలిపి ఆలోచించినవాళ్ళు ఉన్నారు. యేల్ యూనివర్సిటీలో ఎలీ లెబోవిట్జ్ అనే ఆయన పిల్లల ఆందోళన మీద పనిచేస్తాడు. పిల్లాడు చీకటంటే భయపడితే పక్కన పడుకోవడం, కొత్తవాళ్ళతో మాట్లాడటానికి జంకితే వాడి బదులు మనమే జవాబు చెప్పడం, బడికి వెళ్ళనంటే ఉంచేయడం లాంటి సర్దుబాట్లే ఆ భయాన్ని నిలబెడతాయని ఆయన వాదన. అందుకని పిల్లలకి కాకుండా తల్లిదండ్రులకి మాత్రమే చికిత్స ఇచ్చే ఒక పద్ధతి తయారుచేశాడు. 2020లో అచ్చైన వాళ్ళ పరిశోధనలో 7 నుంచి 14 ఏళ్ళ పిల్లలు 124 మంది ఉన్నారు. కొందరు పిల్లలకి నేరుగా థెరపీ ఇచ్చారు. మిగతా పిల్లల విషయంలో పిల్లల్ని అసలు కలవకుండా తల్లిదండ్రులకి మాత్రమే నేర్పించారు. రెండు గుంపుల్లోనూ పిల్లల ఆందోళన దాదాపు ఒకేలా తగ్గింది. చుట్టూ ఉన్నవాళ్ళు తమ పద్ధతి మార్చుకుంటే, భయపడే మనిషితో ఒక్క సెషన్ కూడా జరగకుండానే ఆ మనిషి భయం తగ్గగలదన్నమాట. అది చదివినప్పుడు నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. పరిశోధన పిల్లల మీద జరిగిందే, పెద్దవాళ్ళకి అచ్చంగా అలాగే వర్తిస్తుందని నేను అనడం లేదు. కానీ మా ఇంట్లో జరిగినదాన్ని ఇంతకంటే బాగా వివరించిన మాట నాకు ఇంకెక్కడా కనబడలేదు.

ఇందులో ఎవరూ బయటికి చెప్పని ఒక సంగతి ఉంది. దింపేవాళ్ళకీ భయం ఉంటుంది. నేను బండి మీద వెళ్ళినరోజు మా ఆయనకి పని మీద మనసు నిలవదు. ఫోన్ తీయడం పది నిమిషాలు ఆలస్యమైతే టెన్షన్. నన్ను దింపితే ఆయనకీ "హమ్మయ్య". ఒకే సాయంతో ఇద్దరి భయాలూ ఆ పూటకి తీరిపోయేవి, అందుకే ఆ పద్ధతిని మార్చడం అంత కష్టమైంది. ఇది ఆయన్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. ఆయనకి చూపించే రాస్తున్నాను. ఇళ్ళల్లో మగవాళ్ళకి ఈ టెన్షన్ గురించి మాట్లాడే అలవాటు లేదు. "నీకెందుకా రిస్క్" అనే మాట వెనక "నేను తట్టుకోలేను" అనే మాట ఉంటుంది. అది నోటితో చెప్పుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

మా ఇంట్లో మార్పు మొదలైంది మా చెల్లెలి వల్ల. తను హబ్సిగూడలో ఉంటుంది, బండి బాగా నడుపుతుంది. ఒక పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చి, దారిలో నన్ను ఎక్కించుకోమని అడిగాను. "ఎక్కించుకోను అక్కా. నీ బండి తియ్యి, నేను వెనక కూర్చుంటా" అంది. నాకు కోపం వచ్చింది. మా అమ్మ ఫోన్లో దాన్నే తిట్టింది: "అక్క భయపడుతుంటే గిట్ల మాట్లాడుతరా బిడ్డా?" అది అమ్మకి కూడా అదే జవాబు చెప్పింది. ఆ పెళ్ళికి నేను ఆటోలోనే వెళ్ళాను. కానీ ఆదివారం పొద్దున్నే అది మా ఇంటి ముందుకొచ్చి నిలబడింది.

ఉప్పల్ భగాయత్ లేఅవుట్ తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. వెడల్పాటి రోడ్లు, పొద్దున్నే ట్రాఫిక్ ఉండదు. అక్కడ మొదలుపెట్టాం. మొదట బండి మీద కూర్చుని స్టార్ట్ చేయడం, ఆపడం. తర్వాత తిన్నగా వెళ్ళి మలుపు తిరిగి రావడం. చెల్లెలు వెనక కూర్చునేది, ఏమీ మాట్లాడేది కాదు. "బ్రేకు, బ్రేకు" అని అరవకపోవడం ఎంత పెద్ద సాయమో నేర్చుకునేవాళ్ళకి తెలుసు. కొన్ని వారాలకి అది వెనక నుంచి దిగి, తన బండి మీద ముందు వెళ్ళడం మొదలుపెట్టింది. ఆ తర్వాత హబ్సిగూడ చౌరస్తాలో నిలబడి నా కోసం చూసేది. ఆ తర్వాత ఇంట్లోనే ఉండి, "చేరాక మెసేజ్ పెట్టు" అనేది. చివరికి అదీ అడగడం మానేసింది. అది తగ్గించుకుంటూ పోయింది తన సాయాన్ని. నన్నెప్పుడూ ఒంటరిగా వదిలేయలేదు, నా బదులుగా నడపనూ లేదు.

ఈ వరుస కొత్తదేమీ కాదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త కుందేలుని చూస్తే బెదిరిపోయే పీటర్ అనే చిన్నపిల్లాడికి ఇలాగే భయం పోగొట్టింది. వాడు ఇష్టమైనది తింటుంటే కుందేలుని పంజరంలో దూరంగా పెట్టి, రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెం దగ్గరికి జరిపింది. చివరికి వాడే దాన్ని నిమిరాడు. ఆ తర్వాత ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త పాములంటే హడలిపోయేవాళ్ళతో ప్రయోగాలు చేశాడు. ఇంకొకరు పాముని పట్టుకుంటే చూడటం కంటే, పక్కన ఒక మనిషి తోడుండగా తామే మెల్లమెల్లగా ముట్టుకున్నవాళ్ళకి భయం బాగా పోయింది. 1977లో బండూరా రాసిన వ్యాసంలో, మన మీద మనకి నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందన్నాడు: స్వయంగా చేసి నెగ్గడం, మనలాంటివాళ్ళు చేస్తుంటే చూడటం, ఎవరైనా చెప్పే మాట, మన ఒంట్లో జరిగే అలజడిని మనం ఎలా అర్థం చేసుకుంటామన్నది. నాలుగింట్లో బలమైనది మొదటిదే. మనం ఒకరికొకరం ఉదారంగా పంచుకునే "నువ్వు చేయగలవు" అనేది మూడోది, బలంలో చాలా కింద ఉంటుంది. మోటివేషన్ స్పీచ్ విన్న రాత్రి కలిగే ఉత్సాహం మర్నాడు ఉప్పల్ సిగ్నల్ దగ్గర ఎందుకు మాయమవుతుందో నాకు అప్పుడు తెలిసింది.

భువనగిరిలో పుట్టిన మనిషిగా ఇక్కడ ఒకటి చెప్పకుండా ఉండలేను. 2014 మే 25న మాలావత్ పూర్ణ 13 ఏళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. తనతోపాటు ఖమ్మం వైపు నుంచి ఆనంద్ కుమార్ అనే అబ్బాయి కూడా ఎక్కాడు. టీవీల్లో, సభల్లో ఆ అమ్మాయి కథని ధైర్యం కథగా చెప్తారు. మా ఊళ్ళో దాన్ని ఇంకోలా చెప్పుకుంటాం. ఆ పిల్లల శిక్షణ మొదలైంది మా భువనగిరి గుట్ట మీద. ఊరి మధ్యలో నిలువుగా లేచిన ఆ ఏకశిల దగ్గర తాడు కట్టుకుని, కాలు ఎక్కడ ఆనించాలో, చెయ్యి ఎక్కడ పట్టాలో నేర్చుకున్నారు. అక్కణ్ణుంచి డార్జిలింగ్. ఆ తర్వాత లడఖ్ చలి. ఆ తర్వాతే ఎవరెస్ట్, అదీ టిబెట్ వైపు నుంచి. ఆ పిల్లకి ధైర్యం లేదని కాదు. కానీ ఏదో ఒకరోజు ఒక్కసారిగా ధైర్యం పుట్టి వెళ్ళలేదు. ముందు ఒక గుట్ట, దాని మీద తాడు పట్టుకుని నిలబడ్డ శిక్షకులు, ఆ తర్వాత ఇంకొంచెం పెద్ద కొండ. ఆ తాడు పట్టుకున్నవాళ్ళు "నువ్వు కింద ఉండమ్మా, నీ బదులు మేం ఎక్కుతాం" అని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

మళ్ళీ నా దారికి వస్తాను. రామంతాపూర్, హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ, సికింద్రాబాద్, అక్కణ్ణుంచి రాణిగంజ్. ఇది నాకు అలవాటైపోయింది. రాణిగంజ్‌లో మోటారు పంపుల షాపు ఒకటి నా మొదటి దూరపు క్లయింటు. ఇక భయం పోయిందనుకున్నాను. జీడిమెట్లలో ఒక ప్యాకింగ్ యూనిట్ వాళ్ళు రమ్మంటే బోయిన్‌పల్లి దాటి బాలానగర్ దాకా వెళ్ళాను. అక్కడ రెండు పక్కలా లారీలు వచ్చేసరికి పాత వణుకంతా తిరిగొచ్చింది. బండి పక్కకి తీసి ఒక టైర్ల షాపు ముందు ఆగిపోయాను. అన్నేళ్ళ పని వృథా అయిందేమో అని ఏడుపొచ్చింది.

వృథా కాలేదు. భయం పోవడమంటే చెరిగిపోవడం కాదని రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్ కాలం నుంచే తెలుసు. తిండి వస్తుందనే గుర్తు కనబడగానే నోరూరేలా అలవాటుపడ్డ ఆయన కుక్కల్లో, తిండి పెట్టకుండా ఆ గుర్తునే చూపిస్తూ పోతే నోరూరడం ఆగిపోయేది. కొంత విరామం తర్వాత అది తనంతట తానే తిరిగొచ్చేది. పాత పాఠం లోపల అలాగే ఉంటుంది, దాని పక్కన కొత్త పాఠం ఒకటి చేరుతుంది. ఆ కొత్త పాఠం నేర్చుకున్న చోటికి గట్టిగా అతుక్కుని ఉంటుందని మార్క్ బౌటన్ లాంటి మనస్తత్వవేత్తలు తర్వాత చూపించారు. నా మనసు "తార్నాక రోడ్డు మీద ఫర్వాలేదు" అని నేర్చుకుంది, "బండి మీద ఫర్వాలేదు" అని ఇంకా నేర్చుకోలేదు. అందుకని సాధనని ఒకే దారిలో, ఒకే టైములో చేయకూడదు. చినుకులు పడుతున్నప్పుడు, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ, వెనక బరువున్నప్పుడు, ఎవరూ తోడు లేనప్పుడు. ఒక మెట్టు మీద తిరిగొచ్చిన భయాన్ని చూసి చాలామంది మొత్తం పని వదిలేస్తారు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే ఇంట్లోవాళ్ళు "చెప్పానా, నీకెందుకని" అంటారు. ఆ సాయంత్రం మా ఆయన ఆ మాట అనలేదు. "రేపు వెళ్తావా, ఎల్లుండి వెళ్తావా" అని అడిగారు. ఆ ప్రశ్నకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఇక్కడ కొందరు అడుగుతారు: ఈ ఊరి రోడ్ల మీద భయపడటం తప్పా? కాదు. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. చనిపోయినవాళ్ళలో అందరికంటే ఎక్కువ మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్ళేవాళ్ళే. లైట్లు లేని రోడ్డు మీద రాత్రి ఒంటరిగా వెళ్ళడానికి జంకే అమ్మాయిని పట్టుకుని "నీలో ధైర్యం లేదు" అనడం అన్యాయం. ఆ రోడ్డుకి లైట్లు పెట్టాలి. నేను పెట్టుకున్న గీటురాయి ఒకటుంది. భయం నాకు ఏదైనా పని చెప్తోందా, లేక "వెళ్ళకు" అని మాత్రమే అంటోందా? హెల్మెట్ క్లిప్పు పెట్టుకో, లారీకి ఎడమ పక్క నుంచి దూరకు, బ్రేకులు చూపించుకో, ఫలానా దారి చీకటి పడకముందే దాటు. ఇలాంటివి చెప్పే భయం మాట నేను వింటాను. ఏ పనీ చెప్పకుండా, ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద కూడా "వద్దు" అనే భయంతోనే నా గొడవ. ఊపిరాడకపోవడం, గుండె దడ, నెలల తరబడి ఇల్లు కదల్లేకపోవడం వరకూ వెళ్తే మాత్రం చెల్లెలు చాలదు, డాక్టర్ కావాలి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్‌లో ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం పేరుని తిట్టుగా వాడే అలవాటు మన ఊరికి ఉంది, అది పోవాలి.

బండి కంటే నన్ను ఎక్కువ కాలం ఆపిన భయం ఇంకొకటి: ఫీజు అడగడం. పని చేస్తాను, నోరు తెరిచి డబ్బులు అడగలేను. ఇది చాలామంది ఆడవాళ్ళ కథ అని నా అభిప్రాయం, మగవాళ్ళలోనూ కొందరిది. ఇందులో కూడా ఇంట్లో సాయం రెడీగా ఉండేది. "నంబర్ ఇవ్వు, నేను మాట్లాడతా" అనేవారు మా ఆయన. ఆయన మాట్లాడితే డబ్బు వచ్చేది. ఆ క్లయింటు మాత్రం తర్వాత నాతో మాట్లాడేవాడు కాదు, "సార్‌కి ఇవ్వండి" అనేవాడు. నా ప్రాక్టీసులో నేనే పక్కకి జరిగిపోయాను. అందుకే దీనికీ మెట్లు కట్టుకున్నాను. మొదట ఫీజుని వాట్సాప్‌లో రాసి పంపడం. తర్వాత ఫోన్లో చెప్పడం. తర్వాత తెలిసిన కిరాణా కొట్టు ఆయనకి ఎదురుగా నిలబడి చెప్పడం. ఆఖరికి బేగంబజార్‌లో, గల్లా పెట్టె ముందు కూర్చున్న సేటుతో. "మేడమ్, పాతాయన మూడొందలే తీసుకునేవాడు" అన్నాడు. "నేను ఐదొందలు తీసుకుంటానండీ. 3బీ ఆలస్యమైతే రోజుకి 50 రూపాయల లేట్ ఫీజు, నా దగ్గర అది ఒక్కరోజు కూడా పడదు" అని చెప్పి ఊరుకున్నాను. చెప్పాక ఊరుకోవడమే అన్నిటికంటే కష్టం. ఆ నిశ్శబ్దంలో మనమే తగ్గించేస్తాం. ఆయన కాసేపు బిల్లులు తిరగేసి, సరే అన్నాడు.

అలా నిలబడ్డప్పుడు బజారంతా నన్నే చూస్తున్నట్టు అనిపించింది. నలుగురు ఏమనుకుంటారో అనే ఈ భయాన్ని 2000లో గిలోవిచ్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు ఒక చిత్రమైన పద్ధతిలో కొలిచారు. కార్నెల్ యూనివర్సిటీలో విద్యార్థులకి వాళ్ళు సిగ్గుపడేలాంటి ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, నలుగురున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మని చూసి ఉంటారని వేసుకున్నవాళ్ళు అనుకున్నారు. నిజంగా గమనించింది నాలుగో వంతు మంది. బేగంబజార్‌లో ఆ రోజు ఎవరి బేరం వాళ్ళది. హమాలీలు తోపుడుబండికి దారి వదలమని అరుస్తున్నారు, అంతే.

మా అమ్మాయి ఈ ఏడు ఇంటర్‌లో చేరింది, నారాయణగూడలో కాలేజీ. మొదటివారం ఒక్కతే అంబర్‌పేట మీదుగా బస్సులో వెళ్తానంది, ముందురోజు రాత్రి కడుపునొప్పి అంది. నాకు బండి ఉంది, దారి తెలుసు, టైమూ ఉంది. దింపేయాలని చేతులు ఎంత లాగాయో చెప్పలేను. లెబోవిట్జ్ పద్ధతిలో తల్లిదండ్రులకి ముందుగా నేర్పించే మాట ఒకటుంది. అందులో రెండు సగాలు: నీకు కష్టంగా ఉందని నాకు తెలుసు, నువ్వు తట్టుకోగలవనీ నాకు తెలుసు. మన పెంపకాల్లో కొందరు మొదటి సగమే చెప్పి పక్కన కూర్చోబెట్టుకుంటారు, కొందరు రెండో సగమే చెప్పి తోసేస్తారు. నేను రెండూ చెప్పి, మొదటిరోజు తనతోపాటు బస్సెక్కాను. రెండోరోజు అదే బస్సులో వెనక సీట్లో కూర్చున్నాను. ఆ తర్వాత బస్టాప్ దాకానే. "అమ్మా, ఇంక నువ్వు రాకు, ఫ్రెండ్స్ చూస్తారు" అని తనే అంది.

ఇది చదివే భర్తలకి, అన్నలకి, అమ్మలకి నా మనవి ఒకటే. మీ సాయం మానేయకండి, దాని చోటు మార్చండి. హ్యాండిల్ పట్టుకోవద్దు, వెనక కూర్చోండి. మీరు మాట్లాడొద్దు, మాట్లాడేటప్పుడు పక్కన నిలబడండి, తర్వాతిసారి గుమ్మం బయట. అవతలి మనిషి వణుకుతుంటే చూస్తూ ఉండటం మీకు కష్టం. ఆ కష్టం మీరు పడాల్సిందే, అదే మీరు చేయగలిగే సాయం. భయపడేవాళ్ళకి కూడా ఒక మాట: ఎవరైనా మీ పని చేసిపెడతానంటే వద్దని కోప్పడక్కర్లేదు. "నాతో ఉండు, నా బదులు చేయకు" అని అడగండి. అలా అడగొచ్చని నాకు చాలాకాలం ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు నా ముందు ఇంకో భయం ఉంది. రాణిగంజ్ క్లయింటుకి డిపార్ట్‌మెంట్ నుంచి నోటీసు వచ్చింది, ఏఎస్ఎంటీ-10. రిటర్నుల్లో తేడా ఎందుకొచ్చిందో చెప్పమని. జవాబు ఆన్‌లైన్లో వేస్తే చాలాసార్లు సరిపోతుంది. పర్సనల్ హియరింగ్‌కి పిలిస్తే అధికారి ఎదుట కూర్చుని మాట్లాడాలి. చట్టప్రకారం జీఎస్టీ ప్రాక్టీషనర్ క్లయింటు తరఫున హాజరుకావచ్చు. నాకు ఆ గది తలుచుకుంటేనే గొంతు ఎండిపోతోంది. మా ఆయన ఈసారి "నేను మాట్లాడతా" అనలేదు, ఆయనకి ఆ లెక్కలు రావు కూడా. ఉప్పల్‌లో తెలిసిన ఒక సీనియర్ కన్సల్టెంట్‌ని అడిగాను. ఆయన ఈ నెలాఖరులో వేరే కేసు మీద హియరింగ్‌కి వెళ్తున్నారు, ఫైలు పట్టుకుని పక్కన కూర్చోమన్నారు. ఆ తర్వాత ఆయన పక్కనుండగా నేను ఒక చిన్న నోటీసుకి జవాబు చదివి వినిపించాలి. మూడోది రాణిగంజ్ వాళ్ళది, అదొస్తే నేనే వెళ్తాను. అంతకంటే ముందు 20వ తేదీలోపు అందరి 3బీలూ వేసేయాలి, ఇంకా ఇద్దరు కొనుగోలు బిల్లులు పంపలేదు.